టేకు పక్కన గిరిపుష్పం: కొడవలి తేదీ ముందే రాసుకోండి

గుంటూరు చుట్టుపక్కల ఏ పొలంలోకి వెళ్ళినా గట్టు మీద టేకు చెట్లు కనిపిస్తాయి. పదిహేను, ఇరవై ఏళ్ళవి కూడా ఉంటాయి. వాటిలో ఎన్నిటికి పదడుగుల నిటారు మాను ఉందో లెక్క పెట్టి చూడండి. చాలావాటికి ఆరడుగుల దగ్గరే కొమ్మ చీలి ఉంటుంది, లేదా మొదట్లోనే వంకర తిరిగి ఉంటుంది. పైన గొడుగులా గుబురు, కింద పొట్టి మాను. అలాంటి చెట్టును విజయవాడ కలప అడితికి తోలితే ద్వారబంధానికి పనికొచ్చే ముక్క ఒక్కటి రావడం కూడా కష్టం. నీళ్ళు పెట్టారు, ఎరువు వేశారు, ఇరవై ఏళ్ళు ఆగారు. అయినా చేతికొచ్చింది వంటచెరకు ధర.

కలప కోసం టేకు పెంచేవాళ్ళు దాన్ని ఒంటరిగా పెంచడం మానాలన్నది నా వాదన. గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లో పట్టి ఉంచే చెట్టు పక్కన తోడుగా ఉండాలి. నేను ఎంచుకున్న తోడు గిరిపుష్పం (గ్లిరిసిడియా). ఆ తోడు చెట్టును ఏ నెలలో కోయాలో, ఏ ఏడాది పూర్తిగా తీసేయాలో మొక్క నాటకముందే రాసి పెట్టుకోవాలి. ఈ రెండో పని చేసే ఓపిక లేకపోతే మొదటి దాని జోలికి పోవద్దు. కోయకుండా వదిలేసిన తోడు చెట్టు టేకుకు కలుపు మొక్కతో సమానం.

ఈ ఆలోచన మన దగ్గర పుట్టింది కాదు. దీని మీద ఎక్కువ పని జరిగింది అమెరికాలో, నల్ల వాల్‌నట్ మీద. వాల్‌నట్ అంటే మన అక్రోటు కుటుంబమే. శ్రీనగర్ చెక్కడపు పనివాళ్ళు వాడే కలప దాని దగ్గరి బంధువుది. చలికాలమంతా గట్టి చలి పడితే తప్ప ఆ చెట్టు మొగ్గ సరిగ్గా విచ్చుకోదు కాబట్టి గుంటూరు ఎండల్లో దాన్ని పెంచే ప్రశ్నే లేదు. కానీ అక్కడివాళ్ళు నేర్చుకున్న పాఠాలు మనకు పనికొస్తాయి. ఇల్లినాయ్, ఇండియానా ప్రాంతాల్లో వాల్‌నట్ వరసల మధ్య ఆటమ్ ఆలివ్ అనే పొద, ఆల్డర్ అనే చెట్టు వేసి చూశారు. రెండూ చిక్కుడు జాతివి కావు. అయినా ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి సాయంతో నత్రజని పట్టుకుంటాయి. మన సరుగుడు వేళ్ళలో ఉండేది కూడా ఆ ఫ్రాంకియాయే. తోడు ఉన్నచోట వాల్‌నట్ బాగా ఎత్తు పెరిగింది. పక్కల నుంచి నీడ ఒత్తడంతో కొమ్మలు తగ్గి మాను నిటారుగా వచ్చింది.

ఆ తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. వాల్‌నట్ వేళ్ళ నుంచి, ఆకుల నుంచి జుగ్లోన్ అనే విషం దిగుతుంది. టమాటా, వంకాయ, బంగాళాదుంప దాని దగ్గర బతకవు. పదేళ్ళు అటూ ఇటూగా ఆల్డర్ కూడా ఆ విషానికే చచ్చిపోయింది. ఆటమ్ ఆలివ్ సంగతి దీనికి తలకిందులు. పిట్టలు పండ్లు తిని గింజలు ఊరంతా చల్లడంతో అది అడవుల్లోకి, బీళ్ళలోకి పాకి, ఇవాళ అక్కడ పీకి పారేయాల్సిన మొక్కల జాబితాలో ఉంది. ఒక తోడు చెట్టు ముందే చచ్చింది, ఇంకొకటి చావనంది. మన నేలకు తోడు వెతికేటప్పుడు ఈ రెండు ముప్పులూ దృష్టిలో ఉండాలి.

టేకుతో మన దేశంలో కూడా ప్రయోగాలు జరిగాయి. కేరళలో టేకును సుబాబుల్‌తో కలిపి వేసి చూస్తే, సుబాబుల్ వాటా పెరిగేకొద్దీ టేకు ఎత్తూ లావూ పెరిగాయి. అలాగని సుబాబుల్ వేయమని నేను చెప్పను. నందిగామ, కంచికచర్ల వైపు కాగితం మిల్లుల కోసం దాన్ని పెంచిన రైతులకు దాని తీరు బాగా తెలుసు. ఒకసారి కాయ పగిలిందంటే గట్లు, కాలవలు, పక్క చేలు అన్నీ దానివే. నరికిన మోడు నుంచి పది పిలకలు లేస్తాయి. ప్రపంచంలోనే అత్యంత చెడ్డ దురాక్రమణ జాతులని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ రాసిన వంద జీవుల జాబితాలో దాని పేరుంది. సర్కారు తుమ్మ కూడా నత్రజని పట్టే చెట్టే, దాని దగ్గరి బంధువు ఆ జాబితాలోనే ఉంది. సర్కారు తుమ్మతో ఒక తరం పడ్డ పాట్లు చాలు.

అసలు నత్రజని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఎలా వెళుతుందనే దగ్గర చాలామంది పొరబడతారు. పక్కపక్కన నాటితే వేళ్ళ ద్వారా దానంతటదే అందుతుందనుకుంటారు. బతికున్న వేరు నుంచి బయటికి వచ్చేది చాలా తక్కువ. చెట్టు పట్టిన నత్రజనిని తన ఆకుకే, తన కొమ్మకే వాడుకుంటుంది. ఆకు రాలి కుళ్ళినప్పుడు, కొమ్మలు కోస్తే వాటికి సరిపడా సన్నవేళ్ళు, బుడిపెలు నేలలోనే చనిపోయినప్పుడు పక్క చెట్టుకు అందుతుంది. అంటే కోత పడినప్పుడే ఎరువు పడినట్టు.

లెక్క చూద్దాం. గిరిపుష్పం పచ్చి రొట్టలో నాలుగో వంతుకు కాస్త తక్కువ ఎండు పదార్థం, అందులో సుమారు 3 శాతం నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని. కాబట్టి ఒక బస్తా యూరియాకు సుమారు 3 టన్నుల పచ్చి రొట్ట సాటి. ఎకరానికి వెయ్యి గిరిపుష్పం మొక్కలుండి, కోతకు మొక్కకు రెండు కిలోలు వచ్చినా, ఏడాదికి మూడు కోతల్లో 6 టన్నులు. రెండు బస్తాల యూరియా. డబ్బుగా చూస్తే ఇది పెద్ద మొత్తం కాదు. యూరియా ఖర్చు తగ్గుతుందని మాత్రమే ఈ పద్ధతిలోకి దిగేవాళ్ళు రెండో ఏడాదే విసుగెత్తి వదిలేస్తారు. అసలు లాభం మూడు చోట్ల ఉంది: పక్క నీడతో మాను నిటారుగా సాగడం, రొట్ట కప్పుతో వేసవిలో నల్లరేగడి పగుళ్ళు తగ్గడం, గడ్డి అణగడం. టేకు చాలావాటిని ఓర్చుకుంటుంది కానీ మొదటి మూడేళ్ళు గడ్డి వేళ్ళ పోటీని ఓర్చుకోదు.

చిక్కుడు కుటుంబపు చెట్టయితే చాలు నత్రజని పడుతుందనే నమ్మకం కూడా తప్పే. చింత, రేల, సీమ తంగేడు, గుల్‌మొహర్ ఆ కుటుంబానివే, కానీ వాటి వేళ్ళకు బుడిపెలు రావు. కానుగకు వస్తాయి, నిదానంగా పెరుగుతుంది. అవిశకు బాగా వస్తాయి. తెనాలి, పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో ఊతగా నిలబెట్టేది అవిశనే కాబట్టి విత్తనానికి కొరత లేదు. కాకపోతే దానికి ఆయుష్షు తక్కువ, మొదలంటా నరికితే మళ్ళీ చిగురించదు. పదే పదే కోతకు ఓర్చుకునేది, కోస్తే ఇంకా గుబురుగా లేచేది గిరిపుష్పం. కాయ పగిలినా సుబాబుల్‌లా ఊరి మీద పడదు. అందుకే నా ఓటు దానికి.

గిరిపుష్పాన్ని కొమ్మ పాతి పెంచడం సులువు. కానీ పాతిన కొమ్మకు వేళ్ళు పైపైనే పాకుతాయి, టేకు వేళ్ళు మేసే పొర కూడా అదే. గింజ మొక్కకు తల్లివేరు లోతుకు దిగుతుంది, తుపాను గాలికి నిలబడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పాలిథీన్ సంచుల్లో గింజలు వేస్తే జులైకి మూరెడు మొక్క సిద్ధం. సంచి మట్టిలో పాత గిరిపుష్పం చెట్టు కింది మట్టి గుప్పెడు కలపండి, కావలసిన బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. నాటిన రెండు నెలలకు ఒక మొక్క పక్కన మట్టి తవ్వి బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే పని చేస్తోందని అర్థం. తెల్లగానో పచ్చగానో ఉంటే చేయడం లేదు.

బుడిపె పని చేయకపోవడానికి మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం యూరియా. నేలలో నత్రజని తయారుగా దొరుకుతుంటే చెట్టు బుడిపెకు మేత పెట్టదు. మిరప పండించి వదిలిన చేలో మొదటి ఏడాది ఈ సమస్య ఉంటుంది. ఆ చేలల్లో ఏళ్ళ తరబడి వేసిన డీఏపీ వల్ల భాస్వరం మాత్రం పేరుకుపోయి ఉంటుంది, మళ్ళీ వేయనక్కర్లేదు. ఎరువు ఎప్పుడూ తగలని ఎర్రనేలల్లో సంగతి వేరు. భాస్వరం లేనిదే బుడిపె పని చేయదు, గిరిపుష్పం గుంతలో వంద గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయాలి. మట్టి పరీక్ష చేయించి నిర్ణయించుకోవడం మేలు.

నేల ఎంపిక గురించి ఒక్క మాట. కృష్ణ ఒడ్డున తాడేపల్లి నుంచి దుగ్గిరాల, కొల్లిపర దాకా ఉన్న లోతైన ఒండ్రు నేలలు టేకుకు శ్రేష్ఠం. నీరు నిలిచే బరువు నల్లరేగడిలో అడుగున్నర ఎత్తు కట్ట పోసి కట్ట మీద నాటాలి. వరి చేను మధ్యలో నాటొద్దు. వేళ్ళు నీళ్ళలో నానితే ఏ తోడూ టేకును కాపాడలేదు.

నాటే కొలతలు ఇవి. టేకు వరసల మధ్య 4 మీటర్లు, వరసలో మొక్కకూ మొక్కకూ 2 మీటర్లు, ఎకరానికి 500 మొక్కలు. వరసలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే రెండు పక్కలా సమానంగా ఎండ పడుతుంది. స్టంపులైతే (వేరూ కాండమూ కొంత ఉంచి కత్తిరించిన నారు మొక్కలు) పెన్సిల్ కన్నా లావు, బొటనవేలి కన్నా సన్నం ఉన్నవి తీసుకోవాలి. జూన్‌లో మొదటి మంచి వాన పడగానే గునపంతో గుంత చేసి, వేరూ కాండమూ కలిసే మెడ నేలమట్టానికి వచ్చేలా దింపి, చుట్టూ మట్టి గట్టిగా తొక్కాలి. రేగడిలో ఈ తొక్కడంలోనే తప్పు జరుగుతుంది. గుంతలో గాలి మిగిలితే స్టంపు చిగురించి పదిహేను రోజులకు వాడిపోతుంది. రైతు చెద అనుకుని మందు కొడతాడు. నెల తిరిగేసరికి ఒక్కో స్టంపుకు మూడు నాలుగు చిగుళ్ళు వస్తాయి. జానెడు ఎత్తులో బలమైనది ఒక్కటి ఉంచి మిగతావి గిల్లేయాలి. ఈ పని మర్చిపోతే చెట్టు జీవితాంతం రెండు మానులతోనే ఉంటుంది.

మొదటి ఏడాది తోడు చెట్టును మధ్యలో పెట్టినా అది టేకుకు అందించేది ఏమీ ఉండదు. ఆ ఏడాదికి తోడు కంది. టేకు వరసకు మూడడుగులు వదిలి రెండు వైపులా ఒక్కో సాలు కంది వేస్తే గడ్డి అణుగుతుంది, పక్క నీడ దొరుకుతుంది, ఆకు రాలి నేలను కప్పుతుంది, సంక్రాంతికి కాయ చేతికొస్తుంది. మూడడుగులకన్నా దగ్గరగా వేస్తే సెప్టెంబరులో కంది టేకు తల మీదకు ఎక్కుతుంది. టేకు పక్క నీడ కోరుతుంది, నడినెత్తి నీడ భరించదు. నెల రోజులు తల మీద నీడ పడినా సన్నగా సాగి వంగిపోతుంది. గిరిపుష్పం సంచి మొక్కల్ని ఆ జులైలోనే వరసల నడి మధ్యన మీటరుకు ఒకటి చొప్పున నాటొచ్చు, ఎకరానికి వెయ్యి పడతాయి. అంటే ఒక టేకుకు రెండు తోడు చెట్లు.

రెండో ఏడు నుంచి కోత. గిరిపుష్పం ఎత్తు ఎప్పుడూ టేకు ఎత్తులో మూడింట రెండు వంతులు దాటకూడదు. ఆ గీత దాటిందంటే తేదీ రాకపోయినా కోయాల్సిందే. మామూలుగా ఏడాదికి మూడు కోతలు: జులై మొదటి వారం, ఆగస్టు చివర, అక్టోబరు మొదటి పక్షం. నేల నుంచి మీటరు ఎత్తులో, మచ్చుకత్తితో ఏటవాలుగా, బెరడు చీలకుండా. రొట్టను టేకు వరస పక్కన పరిచి కొమ్మల్ని వంటకు తీసుకోవచ్చు. ఆకు తడి నేల మీద పడితే మూడు నాలుగు వారాల్లో సగం కుళ్ళి నేలలో కలుస్తుంది. వేసవిలో కోసి పరిస్తే ఎండి, గలగలలాడి, నత్రజనిలో కొంత గాలిలోకే పోతుంది. రొట్టను టేకు మొదలుకు తగలనీయకండి, జానెడు ఎడం ఉండాలి. తగిలిందంటే చెద అక్కడే గూడు కడుతుంది.

ఈ మూడు కాక జనవరిలో ఇంకో కోత ఉంది. ఇది ఎరువు కోసం కాదు, నీటి కోసం. గుంటూరులో ఏప్రిల్, మే నెలల ఎండకు నేల అడుగులో మిగిలిన కాస్త తేమ కోసం రెండు చెట్లూ పోటీ పడతాయి. ఆకు ఎంత ఉంటే గిరిపుష్పం అంత నీరు లాగుతుంది. జనవరిలో అన్ని కొమ్మలూ తీసేస్తే దాని దాహం తగ్గుతుంది. ఆ రొట్టను చేలో పరచకుండా పశువులకు వేయండి. కొత్తలో వాసన నచ్చక మొహం తిప్పుకుంటాయి, ఒక పూట వాడ్చి వేస్తే అలవాటు పడతాయి. తోడు చెట్టు వేసి టేకు చిగురు ఎండిపోయిందని చెప్పేవాళ్ళ చేలల్లో చాలావరకు జరిగింది ఈ జనవరి కోత మానేయడమే. ఫిబ్రవరికల్లా టేకు ఆకు కూడా రాలి దట్టంగా పడి ఉంటుంది. చేను చుట్టూ పది అడుగుల మేర ఊడ్చి, నిప్పు పాకని బాట ఉంచాలి.

నత్రజని మరీ ఎక్కువైనా చేటే. తోడుకు తోడు యూరియా కూడా పోస్తే టేకు ఎత్తు లాగుతుంది, లావు పట్టదు. అలాంటి చెట్టు అక్టోబరు, నవంబరు గాలికి విల్లులా వంగి మళ్ళీ లేవదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈ తీరంలో చెట్లు పెంచేవాళ్ళు గాలిని లెక్కలో వేసుకోకుండా ఒక్క పని కూడా చేయకూడదు. రెండో ఏడు నుంచి టేకుకు యూరియా ఆపేయండి.

పక్క నీడ ఉన్నా కొమ్మ కత్తిరింపు తప్పదు, తగ్గుతుంది అంతే. కొమ్మ బొటనవేలి లావు దాటకముందే తీయాలి. ఆకు రాలి ఉన్న జనవరి, ఫిబ్రవరి నెలల్లో పదునైన రంపంతో, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బెత్తు చుట్టుకు తగలకుండా దాని బయటే కోయాలి. ఆ చుట్టే గాయాన్ని మూసేది. మానుకు ఆనించి చదునుగా కోస్తే పుండు పడి లోపలికి కుళ్ళు దిగుతుంది, రెండంగుళాల మోడు వదిలితే అది చచ్చిన ముడిగా చెక్కలో ఉండిపోయి పలక కోసినప్పుడు ఊడి పడుతుంది. ఏ ఏడాదైనా చెట్టు ఎత్తులో కింది మూడో వంతుకు మించి కొమ్మలు తీయొద్దు. అడుగు నుంచి పదహారు, పద్దెనిమిది అడుగుల దాకా ముడి లేని మాను వస్తే చాలు, ఆ పైన చెట్టు ఇష్టం.

ఆ మాను మీద ఇంత పట్టు ఎందుకంటే, అడితిలో కొలిచేది చుట్టుకొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి. 24 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగ 2.5 ఘనపుటడుగులు. అదే పొడవుకు 36 అంగుళాలుంటే 5.6 ఘనపుటడుగులు. చుట్టుకొలత ఒకటిన్నర రెట్లు, కలప రెండు రెట్లు దాటింది. పైగా లావు దుంగలో చేవ వాటా ఎక్కువ, తెల్ల చెక్క వాటా తక్కువ కాబట్టి ఘనపుటడుగు ధర కూడా పెరుగుతుంది. సన్నగా వెయ్యి చెట్లు నిలబెట్టడం కన్నా లావుగా నూటయాభై నిలబెట్టడం లాభం. 1990 దశకంలో టేకు యూనిట్లు అమ్మిన కంపెనీల ప్రకటనల్లో చెట్ల సంఖ్య ఉండేది, ఏళ్ళు ఉండేవి, లక్షలు ఉండేవి. పలచన చేయడం గురించి, కత్తిరింపు గురించి, చేవ గురించి ఉండేది కాదు. అలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1999లో నిబంధనలు తెచ్చేసరికి ఎందరి డబ్బో పోయింది. టేకంటే మోసమనే మాట అప్పుడే స్థిరపడింది. తప్పు చెట్టుది కాదు. చెట్టును నాటి వదిలేస్తే చాలని నమ్మించినవాళ్ళది.

పలచన ఇలా చేయాలి. ఐదో ఆరో ఏట వంకరవి, చీలినవి, బక్కవి చూసి సగం తీసేస్తే 250 మిగులుతాయి. తీసినవి పందిళ్ళకు, వాసాలకు పోతాయి. పది, పన్నెండేళ్ళకు ఇంకోసారి తీసి 120 నుంచి 150 ఉంచాలి. వరసలో ఒకటి విడిచి ఒకటి తీయాలనే లెక్క పెట్టుకోకండి, మంచి చెట్టుకు అడ్డమొచ్చేది తీయాలి. పట్టా భూమిలోదైనా టేకు కొట్టడానికి, తరలించడానికి అనుమతి కావాలి కాబట్టి నాటిన ఏడాదే అడంగల్‌లో చెట్లు రాయించుకోండి. ఇరవయ్యో ఏట కాగితాల కోసం తిరగడం కన్నా అది తేలిక.

ఇక తోడు చెట్టుకు సెలవు. నాలుగో ఏడు ముగిసేసరికి టేకు కొమ్మలు వరసల మధ్య దగ్గరవుతాయి. అప్పుడు గిరిపుష్పంలో ఒకటి విడిచి ఒకటి తీయాలి, మరుసటి ఏడు మిగతా సగం. అన్నీ ఒక్కసారే నరికితే, అప్పటిదాకా నీడలో ఉన్న టేకు మాను మీద ఒక్కసారిగా ఎండ పడి, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు లేచి మానంతా పిలకలు పుట్టుకొస్తాయి. ప్రతి పిలకా రేపటి ముడే. అయిదేళ్ళు శ్రమపడి సాధించిన నున్నటి మాను ఆ ఒక్క తొందరతో పోతుంది. రెండు విడతల్లో తీసినా అక్కడక్కడా పిలకలు వస్తాయి, చేతితో ఒలిచేంత లేతగా ఉన్నప్పుడే తీసేయాలి.

గిరిపుష్పాన్ని నేలమట్టానికి నరికినా మోడు చిగురిస్తుంది. వేరుతో పెకలించాలని గొయ్యి తవ్వితే ఆ గొయ్యిలో తెగేది టేకు వేళ్ళే. జూన్‌లో నరికి, వచ్చిన చిగుర్లను నెలకోసారి కొడవలితో తీస్తూ పోండి. పైన టేకు నీడ కమ్ముకుని ఉంటుంది కాబట్టి రెండు వానాకాలాల్లో మోడు తనంత తానే చచ్చిపోతుంది. వేళ్ళు, బుడిపెలు ఉన్నచోటనే కుళ్ళి, వాటిలోని నత్రజని టేకు వేళ్ళకే చేరుతుంది.